చరిత్రలో ఈ రోజు: బోర్డు మీద తేదీ రాసే ముందు

చెన్నై పెరంబూర్‌లో మా ఫ్లాట్స్‌లో లిఫ్ట్ పక్కన ఒక వైట్‌బోర్డ్ ఉంది. మెట్రో వాటర్ లారీ ఎప్పుడొస్తుంది, మెయింటెనెన్స్ ఏ తేదీలోపు కట్టాలి, ఇలాంటివి రాయడానికి పెట్టిన బోర్డు. నాలుగేళ్ల క్రితం దాని పై సగం నేను అడిగి తీసుకున్నాను. మా బిల్డింగ్‌లో సగం మంది తెలుగువాళ్లం, మిగతా సగం తమిళులు, పిల్లలు స్కూల్‌లో తెలుగు చదవరు గానీ ఇంట్లో నేర్పితే చదువుతారు. రోజూ పొద్దున వ్యాన్ కోసం పది నిమిషాలు అక్కడే నిలబడతారు కదా, ఆ పది నిమిషాలకి ఏదైనా చదివేది ఉండాలని నా ఆశ. అప్పటి నుంచి "చరిత్రలో ఈ రోజు" అని పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, జరిగిన సంగతులు రాస్తున్నాను. ఈ మధ్య ముగ్గురు నలుగురు తమ స్కూల్‌లోనో తమ తెలుగు సంఘంలోనో మొదలుపెడతామని అడిగారు, అందుకే నాకు తెలిసిన పద్ధతి మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే పద్ధతి అంతా దాన్నుంచే వచ్చింది. మొదటి ఏడాది డిసెంబర్ 16న "అమరజీవి పొట్టి శ్రీరాములు వర్ధంతి" అని రాశాను. ఫోన్‌లో ఎవరో పంపిన మెసేజ్ చూసి రాసేశాను. మూడో అంతస్తులో ఉండే తాతగారు, చిన్నప్పుడు మైలాపూర్‌లో పెరిగినాయన, సాయంత్రం నన్ను పిలిచి మెల్లగా అన్నారు, "అమ్మా, ఆయన పోయింది పదిహేను రాత్రి. ఊరికి తెలిసింది పదహారు పొద్దున. అందుకని మావాళ్లందరికీ పదహారే గుర్తు." నేను వెళ్లి లెక్క వేసి చూశాను. శ్రీరాములు గారు బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో దీక్షకి కూర్చుంది 1952 అక్టోబర్ 19న. పోయింది 58వ రోజు. అక్టోబర్‌లో 13 రోజులు, నవంబర్‌లో 30, కలిపితే 43, ఇంకా 15 కలిపితే 58. డిసెంబర్ 15. వేళ్ల మీద చేసే లెక్క, నేను చెయ్యకుండా రాశాను. అదీ మన భాష కోసం ప్రాణం పోగొట్టుకున్న మనిషి విషయంలో, అదీ ఆయన పోయిన ఊళ్లోనే కూర్చుని. ఆ రోజు నాకు చాలా బాధేసింది.

అందుకే మొదటి మాట: ఏ తేదీనైనా ఒక్క చోట చూసి రాయకండి. రెండు చోట్ల చూడండి, ఆ రెండూ ఒకదాన్నుంచి ఇంకొకటి ఎత్తి రాసినవి కాకుండా చూసుకోండి. తెలుగు వికీపీడియాలో ఏడాదిలో ప్రతి తేదీకీ ఒక పేజీ ఉంది, అక్కడ మొదలుపెట్టడం మంచిదే, నేనూ అక్కడే మొదలుపెడతాను. కానీ ఆ పేజీలో పేరు కనిపించగానే రాయకుండా ఆ మనిషి పేజీకి వెళ్లాలి, అక్కడ తేదీ అదేనా చూడాలి, తర్వాత ఆ మనిషి జీవితచరిత్రో, ఆనాటి పేపరో దొరికితే అందులో చూడాలి. ఎగ్మూర్‌లో కన్నిమెరా లైబ్రరీ 1896 నుంచి ఉంది, దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక కాపీ చేరాల్సిన నాలుగు లైబ్రరీల్లో అదొకటి. కొట్టూర్‌పురంలో అన్నా లైబ్రరీ ఉంది. చెన్నైలో ఉండి ఈ పని చేసేవాళ్లకి ఇది పెద్ద అదృష్టం, నెలకొక శనివారం వెళ్లినా వచ్చే నెలకి సరిపడా సరుకు దొరుకుతుంది.

పాత పేపర్ చూసేటప్పుడు ఒక జాగ్రత్త. పేపర్ మీద తేదీ సంఘటన జరిగిన తేదీ కాదు, సాధారణంగా మర్నాడు. 1952 డిసెంబర్ 15 సోమవారం, కాబట్టి ఆ రాత్రి వార్త మంగళవారం పేపర్లో వస్తుంది. "నిన్న రాత్రి" అనే మాట ఎక్కడుందో వెతకండి. వారం కూడా సరిచూడండి, ఫోన్ క్యాలెండర్లో వెనక్కి వెళ్తే ఏ ఏడాదైనా వారం తెలిసిపోతుంది, పుస్తకంలో "సోమవారం" అని ఉండి క్యాలెండర్లో బుధవారం వస్తే రెండింట్లో ఒకటి తప్పు.

రాత్రిపూట పోయినవాళ్లతో ఎప్పుడూ ఈ గొడవే. తమిళుల మహాకవి సుబ్రహ్మణ్య భారతి 1921 సెప్టెంబర్‌లో ట్రిప్లికేన్‌లో పోయారు. 11వ తేదీ అర్ధరాత్రి దాటాక పోయారు కాబట్టి గడియారం ప్రకారం 12. కానీ చాలామంది 11నే స్మరించుకుంటారు. ఇది తప్పు అనుకోకండి, మన పెద్దవాళ్ల లెక్కలో రోజు అంటే సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా, రాత్రి ఒంటిగంట ముందు రోజుదే. నేను 11న రాస్తాను, "11 అర్ధరాత్రి దాటాక" అని ఆ నాలుగు మాటలూ చేరుస్తాను. మా తమిళ పక్కింటివాళ్లు ఆ రోజు బోర్డు దగ్గర ఆగి చదవడం నాకు చాలా ఇష్టం, వాళ్లకి తెలుగు రాదు, పిల్లలు చదివి చెప్తారు.

ఇక తిథి. ఇది మనవాళ్లలో చాలామంది తడబడే చోటు. త్యాగరాజస్వామి సిద్ధి పొందింది 1847 జనవరి 6న, ఆ రోజు పుష్య బహుళ పంచమి. తిరువైయ్యారులో ఆరాధన ప్రతి ఏడాదీ ఆ తిథినాడే, ఇంగ్లీషు తేదీ మాత్రం ఏటా మారుతుంది, ఒక్కోసారి జనవరిలో, ఒక్కోసారి ఫిబ్రవరిలో. మీ బోర్డు ఇంగ్లీషు తేదీ బోర్డు అయితే జనవరి 6నే రాయండి, ఆరాధన ఎప్పుడో ఆ ఏడాది పంచాంగం చూసి విడిగా చెప్పండి. రెండూ కలిపేసి "ఈ రోజు త్యాగరాజు వర్ధంతి" అని రెండుసార్లు రాస్తే చదివే పిల్లలు ఏది నమ్మాలి?

పంచాంగం ఇంకో విధంగా కూడా సాయపడుతుంది. పాత తెలుగు పుస్తకాల్లో పుట్టిన సంవత్సరం పేరు ఉంటుంది, ప్రభవ, విభవ అని. ఇంగ్లీషు సంవత్సరంలోంచి 1866 తీసేయండి, వచ్చినదాన్ని 60తో భాగించి శేషం చూడండి, అదే ఆ ఏడాది ఉగాది నుంచి మొదలయ్యే సంవత్సరం వరస (శేషం సున్నా వస్తే అరవయ్యోది, అక్షయ). 2025లోంచి తీస్తే 159, శేషం 39, ముప్పై తొమ్మిదోది విశ్వావసు. సరిపోయిందా! ఉగాదికి ముందు నెలలైతే ఒకటి తగ్గించాలి. ఇదెందుకు పనికొస్తుందో చెప్తాను. శ్రీశ్రీ గారి పుట్టినరోజు 1910 ఏప్రిల్ 30 అని ఎక్కువ చోట్ల ఉంటుంది, జనవరి 2 అనే మాటా ప్రచారంలో ఉంది. 1910లో ఉగాది ఏప్రిల్ మొదటి సగంలో వచ్చింది. కాబట్టి జనవరి 2 అయితే సౌమ్య నామ సంవత్సరం, ఏప్రిల్ 30 అయితే సాధారణ నామ సంవత్సరం. ఎక్కడైనా పాత కాగితంలో సంవత్సరం పేరు కనపడితే అది ఏ తేదీకి సాక్ష్యమో వెంటనే తేలిపోతుంది. తేలేదాకా నేను ఏప్రిల్ 30న రాసి, ఇంకో తేదీ కూడా ఉందని కింద చెప్తాను. దాచిపెట్టడం మంచిది కాదు.

అసలు పాతకాలం వాళ్ల పుట్టినరోజుల్లో చాలావరకు స్కూల్ రిజిస్టర్ తేదీలే. సర్దార్ పటేల్ పుట్టినరోజుగా దేశమంతా జరుపుకునే అక్టోబర్ 31 ఆయన మెట్రిక్ పరీక్ష కాగితాల్లో ఇచ్చిన తేదీ. మన ఇళ్లల్లో అమ్మమ్మలకి కూడా అంతే కదా, ఆధార్‌లో ఒక తేదీ, అసలు పుట్టింది "గోదావరి వరదలొచ్చిన ఏడు". అందుకని పుట్టిన తేదీ కన్నా పోయిన తేదీనే ఎక్కువ నమ్మండి, పోయేనాటికి ఆ మనిషి అందరికీ తెలిసినవాడై ఉంటాడు, పేపర్లో వస్తుంది, చూసినవాళ్లు ఉంటారు.

విదేశీ తేదీలకి ఇంకో చిక్కు, క్యాలెండరే మారింది. 1582లో రోమ్‌లోని పోప్ మాట వెంటనే విన్న దేశాలు అక్టోబర్ 4 తర్వాత నేరుగా 15కి వెళ్లాయి. ఇంగ్లండ్ 1752 దాకా మారలేదు, అప్పుడు సెప్టెంబర్ 2 తర్వాత 14 వచ్చింది. అందుకే న్యూటన్ పుట్టింది ఇంగ్లండ్ లెక్కలో 1642 డిసెంబర్ 25, ఇప్పటి లెక్కలో 1643 జనవరి 4. రష్యాలో అక్టోబర్ విప్లవాన్ని నవంబర్ 7న జరుపుకునేది ఇందుకే. షేక్స్‌పియర్, సెర్వాంటెస్ ఒకే రోజు, 1616 ఏప్రిల్ 23న పోయారని ఏటా ఫార్వర్డ్ అవుతుంది. ఇంగ్లండ్‌ది పాత క్యాలెండర్, స్పెయిన్‌ది కొత్తది, మధ్యలో పది రోజులు తేడా. అంకె ఒకటే, రోజు ఒకటి కాదు. ఇక ఇప్పటి సంగతులకి గంటల తేడా చూసుకోండి. చంద్రుడి మీద మనుషులు దిగింది అమెరికాలో 1969 జులై 20, మనకి అప్పటికి 21 తెల్లవారుజామున ఒకటీ నలభై ఏడు. నేను 20నే రాస్తాను, మన టైమ్ పక్కన పెడతాను. పిల్లలు ఆ పక్కన పెట్టిందే ఎక్కువ చదువుతారు.

మన ఊరి పుట్టినరోజుకే ఈ పేచీ ఉంది తెలుసా. మద్రాస్ డే ఆగస్ట్ 22, 1639. ఈస్టిండియా కంపెనీకి ఈ ఇసుక తీరం ఇచ్చింది దామెర్ల నాయకులు, తెలుగువాళ్లు. ఆ పత్రం జులై 22దా ఆగస్ట్ 22దా అని వాదం నడిచింది. కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డే ఇక్కడికి వచ్చిందే జులై 27న అని రికార్డులు చెప్తున్నాయి కాబట్టి అంతకుముందు తేదీ కుదరదు, ఆగస్టే నిలబడింది. తేదీ ఎలా తేల్చాలో పిల్లలకి చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు: మనిషి రాకముందే పత్రం ఎలా పుడుతుంది?

ఇప్పుడు ఎంపిక. తేదీలు సరిచూడటం కష్టం కాదు, ఓపిక చాలు. ఏది ఉంచాలి ఏది వదలాలి అన్నదే అసలు కష్టం. ఆగస్ట్ 29 తీసుకుందాం. దొరికేవి చూడండి: గిడుగు రామమూర్తి గారు పుట్టింది 1863లో, హాకీ ధ్యాన్‌చంద్ 1905లో, మైకేల్ జాక్సన్ 1958లో, నాగార్జున 1959లో ఈ మద్రాసులోనే. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ పుట్టింది 1915లో, పోయింది 1982లో, రెండూ ఇదే తేదీ. 1831లో ఫారడే తీగచుట్టల ప్రయోగం. 1949లో సోవియట్ యూనియన్ మొదటి అణుబాంబు పరీక్ష. 2005లో అమెరికాలో కత్రినా తుఫాను. 2018లో నల్గొండ దగ్గర రోడ్డు ప్రమాదంలో నందమూరి హరికృష్ణ మరణం. వెతికితే ఇంకా యాభై వస్తాయి.

అన్నీ రాస్తే ఎవరూ చదవరు. నేను ఐదుకి మించి రాయను, అందులో ఒక్కదాన్ని మాత్రం ఆరేడు వాక్యాలు రాస్తాను. ఆగస్ట్ 29న ఆ ఒక్కటి ఏదో మాకు ఆలోచించే పని లేదు, గిడుగు వారిదే, ఆ రోజు తెలుగు భాషా దినోత్సవం అయ్యిందే ఆయన వల్ల. కానీ "వ్యావహారిక భాషా పితామహుడు" అని బిరుదు రాసి వదిలేస్తే పదేళ్ల పిల్లకి ఏం అర్థమవుతుంది? నేను ఇలా రాశాను: ఒకప్పుడు మనం మాట్లాడే తెలుగు వేరు, పుస్తకంలో తెలుగు వేరు. పిల్లలు తమ సొంత భాషే అర్థంకాక బట్టీ పట్టేవాళ్లు. పర్లాకిమిడిలో ఒక మాస్టారు అది సరికాదన్నారు, మాట్లాడే భాషలోనే రాయాలని ముసలితనం వచ్చేదాకా పోరాడారు. ఆయనే కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. నువ్వు ఇప్పుడు ఈ బోర్డు చదివి అర్థం చేసుకోగలుగుతున్నావంటే ఆయన పోరాటం కూడా ఒక కారణం. ఆ చివరి వాక్యం దగ్గర రెండో అంతస్తు పాప ఆగి మళ్లీ చదివింది, నేను చూశాను.

మిగతా నాలుగు? ధ్యాన్‌చంద్ ఉండాలి, 1928, 32, 36 మూడు ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు గెలిచిన జట్టులో మనిషి, జాతీయ క్రీడా దినోత్సవం ఆయన పుట్టినరోజే. ఫారడే ఉండాలి, కానీ "విద్యుదయస్కాంత ప్రేరణ కనుగొన్న రోజు" అని రాయకండి. ఒకే ఇనుప రింగు మీద రెండు తీగచుట్టలు చుట్టాడు, ఒకదాంట్లో కరెంట్ పెట్టినప్పుడు, ఆపినప్పుడు రెండోదాంట్లో ముల్లు కదిలింది, మన వీధి చివర ఈబీ (కరెంటు బోర్డు) వాళ్ల ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసేది ఇలాగే అని రాయండి. పిల్లలు సాయంత్రం వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ చూసొస్తారు, ముట్టుకోవద్దని కూడా రాయండి. నాగార్జున ఇక్కడ పుట్టినవారు కాబట్టి ఒక లైను. అణుపరీక్ష ఒక లైను, ఆ సెమిపలాటిన్స్క్ పరీక్షల స్థలాన్ని 1991లో సరిగ్గా అదే తేదీన మూసేశారు, అందుకే ఐక్యరాజ్యసమితి ఆగస్ట్ 29ని అణుపరీక్షల వ్యతిరేక దినం చేసింది. ఇలా ఒక తేదీ ఇంకో తేదీని కావాలనే వెతుక్కుని వచ్చిన చోటు దొరికితే వదలకండి. ఊరికే కాకతాళీయంగా కలిసినవాటికన్నా ఇది ఎంతో విలువైనది. బెర్గ్‌మన్ సంగతి వింతే, కానీ మా పిల్లలకి ఆవిడ ఎవరో చెప్పడానికే రెండు లైన్లు పోతాయి, వదిలేశాను. మైకేల్ జాక్సన్‌ని వదిలేస్తే మాత్రం కాలేజీ పిల్లలు ఊరుకోలేదు, కింద మూల రాశారు వాళ్లే. రాయనిచ్చాను.

హరికృష్ణ గారి మరణం రాసిన ఏడాది ఒకటి నేర్చుకున్నాను. పుట్టినరోజు పక్కనే మరణం రాయకూడదు, మధ్యలో గీత గీయండి, రంగు మార్కర్లు పక్కన పెట్టి నల్లదే వాడండి, పువ్వులూ నక్షత్రాలూ గీయకండి. ముఖ్యంగా ఈ ఊళ్లో డిసెంబర్ 26. 1981లో సావిత్రి గారు ఇక్కడే పోయింది ఆ తేదీనే, 2004లో సునామీ వచ్చింది ఆ తేదీనే. మెరీనాలో, కాశిమేడు వైపు మనుషులు పోయిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, మా బిల్డింగ్‌లో పనికొచ్చే ఆవిడ వాళ్ల అన్నని ఆ రోజే పోగొట్టుకుంది. ఆ రోజు బోర్డు మీద నేను ఆ రెండే రాస్తాను, ప్రపంచంలో ఇంకేం జరిగినా సరే.

మాటల దగ్గర కూడా జాగ్రత్త. బతికున్నవాళ్లకి పుట్టినరోజు, పోయినవాళ్లకే జయంతి. సుశీలమ్మకి నవంబర్ 13న "జయంతి" అని రాసిన పోస్టర్ ఒకటి చూసి నాకు గుండె ఆగినంత పనైంది. పుట్టినరోజా వర్ధంతా తేడా చూసుకోండి, ఘంటసాల గారికి డిసెంబర్ 4 పుట్టినది, ఫిబ్రవరి 11 పోయినది, ఏటా ఎవరో ఒకరు తారుమారు చేస్తారు. ఎన్నో జయంతి అనేది తీసివేతే: గిడుగు వారు 1863, కాబట్టి 2025కి 162 ఏళ్లు నిండాయి. "162వ జయంతి" అని రాయండి, పుట్టిన రోజుని కూడా కలిపి 163 చెయ్యకండి. పెద్దవాళ్ల మాటలు అని తిరిగే కొటేషన్లు అసలు పెట్టకండి, ఏ పుస్తకంలో ఏ పేజీయో చూపించగలిగితే తప్ప.

ఫిబ్రవరి 29 సంగతి చాలామంది అడుగుతారు. కళాక్షేత్ర పెట్టిన రుక్మిణీదేవి అరండేల్ పుట్టింది 1904 ఫిబ్రవరి 29న, మొరార్జీ దేశాయ్ 1896 ఫిబ్రవరి 29న. 1900 లీపు సంవత్సరం కాదు, అంటే మొరార్జీకి మొదటి పుట్టినరోజు రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది, వచ్చిన ఆ రోజే రుక్మిణీదేవి పుట్టారు! లీపు ఏడాది కానప్పుడు నేను 28న రాస్తాను, తేదీ మాత్రం 29 అనే ఉంచుతాను.

వీలైతే తేదీని ఊళ్లో ఒక చోటికి ముడిపెట్టండి. 1914 సెప్టెంబర్ 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ మద్రాస్ హార్బర్ పక్కన నూనె ట్యాంకులు పేల్చింది, ఆ గుర్తుగా హైకోర్టు గోడకి ఫలకం ఉంది. డిసెంబర్ 15కి అయితే మైలాపూర్‌లో రాయపేట హైరోడ్డు మీద శ్రీరాములు గారి స్మారక భవనం ఉంది. పోయిన ఏడాది ఎనిమిది మంది పిల్లల్ని తీసుకుని మూడో అంతస్తు తాతగారితో కలిసి వెళ్లాం. అక్టోబర్ 19నే మొదలుపెట్టి వాళ్లచేత 58 రోజులు లెక్కపెట్టించాను, రోజుకో గీత బోర్డు కింద అంచున.

చివరిగా రెండు పనులు. రోజూ తుడిచేముందు ఫొటో తీసి తేదీ పేరుతో దాచండి, రెండో ఏడాది సగం పని తగ్గుతుంది, మొదటి ఏడాది తొందరలో ఏం వదిలేశారో కూడా కనపడుతుంది. రెండోది, బోర్డు కింద కుడి మూల ఖాళీ ఉంచి మార్కర్ దారం కట్టి వేలాడదీయండి, తప్పు ఉంటే ఎవరైనా అక్కడ రాయొచ్చు. తప్పని తేలితే మర్నాడు పైన, అదే సైజు అక్షరాల్లో సరిదిద్ది రాయండి. డిసెంబర్ 17న నేను "నిన్న రాసింది తప్పు, 15 రాత్రి" అని రాసినప్పుడు తాతగారు కిందికి దిగి, కళ్లజోడు సర్దుకుని, మొత్తం చదివి, 1953 అక్టోబర్ 1 కూడా చేర్చమన్నారు, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రోజు. చేర్చాను.